పేరుకున్న నూనె

1981 నవంబరు 2, సోమవారం. జగ్గయ్యపేట

షావుకారు నూనె మిల్లుకి తాళం వేశాడు. ముందు ఒక మాట చెప్పలా. కాగితం అంటించలా. పొద్దున్నే పోయేసరికి గేటుకి ఇంత లావు తాళం, పక్కన గుమాస్తా సుబ్బరాయుడు కుర్చీ వేసుకుని పళ్ళు తోముకుంటున్నాడు.

"ఏందండీ ఇది?" అన్నా.

"తాళం. చూళ్ళేదా ఎప్పుడూ?" అన్నాడు వేపపుల్ల తియ్యకుండానే.

ఆరేళ్ళు కాయని పిండే ఆ ఎక్స్‌పెల్లర్ ముందు నిలబడ్డా. దాని గొంతు విని కాయ పచ్చిదో ఎండిందో చెప్తా. అలాంటివాణ్ణి గేటు బయట నిలబెట్టి పుల్ల నమిలాడు.

నవంబరు 3

షావుకారు దశరథరామయ్య వాళ్ళ ఇంటికే పోయా. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. అరవకూడదనుకుని పోయా. అరిచా.

ఆయన అరవలా. అదే మండింది.

"ఒరేయ్ ఏలీయా, రేషన్ షాపులో పామాయిల్ ఇస్తుంటే నా వేరుశెనగ నూనె ఎవడు కొంటాడ్రా? మలేషియా నుంచి ఓడల్లో దింపుతున్నారు. గవర్నమెంటే తెప్పిస్తోంది. నేను గవర్నమెంటు మీద గెలుస్తానా? నువ్వు గెలుస్తావా? ఇద్దరం గెలిచేది లేనప్పుడు కరెంటు బిల్లు ఎందుకు దండగ?"

అరుగు ముందునుంచి వచ్చేశా. ఆయన చెప్పింది నిజమని కాదు.

నవంబరు 9

అమ్మ బస్టాండులో బజ్జీలు వేస్తుంది. చుట్టడానికి తెచ్చే పాత పేపర్లు ముందు నేను చదివి ఇస్తా. నాకు చదువు వచ్చింది అలాగే. బడిలో కూర్చున్నది తక్కువ.

ఇవాళ ఒక ముక్కలో దొరికింది. మన దేశంలో నూనెగింజలు చాలటంలేదంట. గుజరాత్‌లో వాన లేకపోతే దేశం మొత్తం మూకుళ్ళు ఎండుతున్నాయంట. అందుకని బయటనుంచి కొంటున్నారంట. మిగతాది చిరిగిపోయింది. చిరిగిన చోటే అసలు సంగతి ఉండి ఉంటుంది.

కొంటే కొన్నారు. రేపు ఆ మలేషియావాడు ఇవ్వను పో అంటే? రెండేళ్ళ కింద ఎక్కడో ఇరాన్‌లో గొడవైతే ఇక్కడ పెనుగంచిప్రోలులో డీజిల్ లేక ఇంజన్లు ఆగిపోయాయి. మునేరులో నీళ్ళున్నాయి, చేలో మిరప ఎండింది. కళ్ళారా చూశా. దేశానికి కాపలా అంటే సరిహద్దులో తుపాకీ ఒకటే అనుకుంటారు అందరూ. పొయ్యి మీద మూకుడుకి ఎవడు కాపలా?

ఇది షావుకారుకి చెప్పాల్సింది. ఆ రోజు తట్టలా.

నవంబరు 10

మిల్లు వైపు పోయా. ఊరికే. వెనక గోడ దూకి ఎక్స్‌పెల్లర్ మర మీద కాస్త నూనె రాసి వచ్చా. తుప్పు పట్టకూడదని. అంతే.

నవంబరు 14

మళ్ళీ రాసొచ్చా. ఊరికే.

నవంబరు 20, శుక్రవారం

సొలొమోను సున్నపురాయి క్వారీకి పోతున్నాడు. నాతోపాటు కాయ ఒలిచే మిషను దగ్గర చేసేవాడు. ఇప్పుడు రాయి కొడతాడంట. "నువ్వూ రారా, పేటలో నూనె పనైపోయింది. ఇక సిమెంటే" అన్నాడు.

"నువ్వు పో. మిల్లు తెరుస్తారు, నేనుంటా."

"ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలా."

నవ్వాడు. చెయ్యి చూపించాడు, అప్పుడే బొబ్బలు.

ఇంటికొస్తే అమ్మ బజ్జీలు పెట్టింది. వాసన చూశా. పామాయిల్. కంచం నెట్టేశా.

"నా కూడు పోగొట్టిన నూనె నేను తినను" అన్నా.

"నాకు కూడు పెడుతున్న నూనె రా అది. మంచి నూనెతో వేస్తే బజ్జీ ఎవడు కొంటాడు? డ్రైవర్లా, కూలోళ్ళా? ఈ నూనె వచ్చాకే వాళ్ళూ రెండు తింటున్నారు, మనమూ రెండు పూటలా తింటున్నాం. తిను."

తినలా.

నవంబరు 21

తిన్నా. ఆకలికి.

నవంబరు 30

వీరరాఘవయ్య గారు కనిపించాడు. చందర్లపాడు దగ్గర మెట్ట ఉంది ఆయనకి. ఏటా మా మిల్లుకే వేరుశెనగ తోలేవాడు. కాయ వచ్చి కల్లంలోనే ఉందంట, అడిగేవాడు లేడంట.

"మీ షావుకారు తీసుకుంటాడేమో అని ఆపాను. ఇంకెన్నాళ్ళు ఆపను? ఎలకలు షావుకార్లైపోతున్నాయి. నందిగామలో లారీవాడు అయినకాడికి ఇమ్మంటున్నాడు. ఇచ్చేసి, వచ్చే ఏడు పత్తి పెడతా."

"అందరూ పత్తి పెడితే మాకు కాయ ఎక్కడిదండీ?"

"మీకు మిల్లు ఎక్కడుందోయ్?"

రోడ్డు మీద నిలబడిపోయా. ఆయన పోయాక కూడా.

తాళం తీస్తారు ఎప్పటికైనా, అది నాకు తెలుసు. తీసేనాటికి కాయ ఉండదు. రైతు ఒకసారి విత్తనం మార్చాడంటే మళ్ళీ ఇటు రాడు. విత్తనం కాయలు కూడా అమ్మేసుకుంటాడు. అప్పుడిక నిజంగానే ఓడ కోసం చూడాలి, మిల్లూ ఊరూ దేశమూ అందరమూ కలిసి. ఓడ వస్తే వంట. రాకపోతే లేదు.

పేపర్లో చిరిగిపోయిన ముక్క ఇదే అయి ఉంటుంది.

డిసెంబరు 8

మర మీద నూనె రాసొచ్చా.

వెనక షెడ్డు దగ్గర లారీ టైర్ల గుర్తులున్నాయి. కొత్తవి. మూసిన మిల్లుకి లారీ ఏంటి? కాయ పిండగా మిగిలిన చెక్క తీసుకుపోవడానికి అయి ఉంటుంది. పాత చెక్క మిగిలింది కదా. అంతే అయి ఉంటుంది.

డిసెంబరు 15, మంగళవారం

సుబ్బరాయుడు ఇంటికొచ్చాడు! రేపు ధనుర్మాసం మొదలు. ఏటా కొత్త కాయ ఆడించిన మొదటి డబ్బా గుడికి ఇస్తాడు షావుకారు, దీపాలకీ ప్రసాదాల వంటకీ. ఎక్స్‌పెల్లర్ మీద చేసినవాడే నెత్తిన పెట్టుకుని గుడి గేటు దాకా మొయ్యాలి. అది షావుకారు తండ్రి పెట్టిన పద్ధతి. గేటు దాకా నేను, అక్కణ్ణుంచి వాళ్ళు. ఆరేళ్ళూ అంతే. ఈ ఏడు కూడా నన్నే రమ్మన్నాడు.

మిల్లు మూశాక డబ్బా ఎక్కడిదన్నా.

"పాత స్టాకు లేవోయ్" అన్నాడు.

అమ్మకి చెప్పా, తెరుస్తారే అని. మొయ్యడానికి పిలిచారంటే మనసులో తెరిచే ఉద్దేశం ఉన్నట్టే. నేను పోయేది మొయ్యడానికి కాదు, ఆయన్ని ఇంకో మాట అనడానికి. చొక్కా మాత్రం ఉతుక్కున్నా.

అమ్మ శెనగపిండి కలుపుతూ ఉంది.

డిసెంబరు 16

చలి. తెల్లారకముందే మంచు. డబ్బా ఎత్తి నెత్తిన పెట్టారు.

నూనె డబ్బా మోసేవాడికి ఒకటి తెలుసు. నడుస్తుంటే లోపల నూనె నీతోపాటు నడుస్తుంది. నువ్వో అడుగు వేశాక అదో అడుగు వేస్తుంది, నెత్తి మీద చిన్న దెబ్బ తగుల్తుంది. మెడ దానికి అలవాటు పడుతుంది. ఇవాళ ఏమీ తగల్లా. రాయిని మోసినట్టుంది. కావాలని కాస్త ఊగా. కదల్లా. పైన సీలు చూశా, మా తామరపువ్వు ముద్రే. ఆ ముద్ర వేసేది నేను. ఇది నేను వెయ్యలా.

గేటు దగ్గర షావుకారు భార్య సత్యనారాయణమ్మ గారు పట్టుచీరలో ఉంది. మూత తీయించింది. గరిటె పెట్టింది. నిలబడింది గరిటె.

"ఏమండీ, ఇదేంటి నెయ్యిలా ఉంది?"

"చలి కదూ" అన్నాడు షావుకారు.

"ఈ చలికి వేరుశెనగ నూనె పేరుకోదమ్మా" అన్నా. నోరు ఊరుకోలా. "పేరుకునేది పామాయిల్. ఇందులో సగం పైన అదే."

ఆవిడ మొగుడి వైపు చూసిన చూపు ఉంది చూడు, దానికి నూనె అక్కర్లా, అదే వెలుగుతుంది.

"ఇంట్లో నువ్వుల నూనె ఉంది, పంపించండి" అంది మెల్లగా. "ఇది తీసుకుపోరా ఏలీయా. దేవుడి దగ్గర పెట్టకు."

షావుకారు తనే మూత బిగించి డబ్బా నా వైపు నెట్టాడు. చుట్టూ జనం ఉన్నారు మరి.

డబ్బా ఇంటికి తెచ్చా.

డిసెంబరు 16, మళ్ళీ

ఇందాక రాయలేకపోయా. ఇప్పుడు రాస్తున్నా.

అమ్మ డబ్బా చూసింది. మూత తీసి వేలు పెట్టి చూసింది. ఆశ్చర్యపోలా.

"సుబ్బరాయుడు నాకిచ్చేది ఇదే" అంది.

దీపావళి ముందునుంచి వస్తోందంట లారీ, రాత్రిళ్ళు. రేషన్‌కి పోవాల్సిన పామాయిల్ డబ్బాలు దారి తప్పించి వెనక షెడ్డులో దింపుతున్నారు. బయట కొన్న మంచి నూనె కొంచెం కలిపి, తామరపువ్వు ముద్ర కొట్టి, నందిగామలో షావుకారు షాపులో వేరుశెనగ నూనె అని అమ్ముతున్నారు. అడుగున మిగిలిన మడ్డి డబ్బాలు అమ్మలాంటివాళ్ళకి చవగ్గా ఇస్తున్నాడు గుమాస్తా. అమ్మకి మొదటినుంచీ తెలుసు.

మూసింది మలేషియావాడు కాదు. మిల్లు ఆడించడంకంటే ముద్ర ఆడించడం తేలికని షావుకారే మూశాడు.

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే ఏం చేస్తావు? పోయి తన్నుకుంటావు. నిన్ను స్టేషన్లో పెడతారు. నా నూనె ఆగిపోతుంది. నాకు కొడుకూ ఉండడు, బజ్జీ ఉండదు."

"నేను మాటిమాటికీ పోయి ఆ మరకి నూనె రాస్తున్నానే."

"తెలుసు. గోడ దూకేటప్పుడు చొక్కా చిరిగితే కుట్టింది ఎవరనుకున్నావు?"

డిసెంబరు 17

అమ్మతో మాట్లాడలా.

డిసెంబరు 18

ఇవాళా.

డిసెంబరు 19, శనివారం. నందిగామ

బుద్ధిలేని పని చేశా. రాసుకోవాలి, మళ్ళీ చెయ్యకుండా.

డబ్బా తీసుకుని మధ్యాహ్నం బస్సుకి నందిగామ షాపుకి పోయా. శనివారం, జనం బాగా ఉన్నారు. అందరిముందూ అరిచా. ఇది పామాయిల్, చలికి గడ్డకట్టింది, చూడండి, మోసం, అని.

షావుకారు కుర్చీలోంచి లేచాడు. నవ్వుతూ డబ్బా తీసుకున్నాడు. గిన్నెలోకి వంచాడు. బంగారంలా కారింది నూనె. ధారగా. బస్సు టాపు మీద ఎండలో వచ్చిన డబ్బా. కరగదూ?

"ఏదిరా గడ్డ? మీ ఇంట్లో మర్చిపోయొచ్చావా?"

షాపు మొత్తం నవ్వింది. కూరగాయల ముసలమ్మ కూడా నవ్వింది, ఆవిడకేం తెలుసని.

అప్పుడు నన్ను పక్కకి పిలిచాడు. భుజం మీద చెయ్యి వేశాడు. ఆరేళ్ళలో ఎప్పుడూ వెయ్యలా.

"చూడు ఏలీయా. నేనూ బతకాలి కదా. అసలు కాయ ఆడిస్తే ఆ రేటుకి కొనేవాడు లేడు. మిల్లు నాకు మాత్రం ఇష్టం కాదా, మా నాన్న పెట్టింది. మాఘమాసం రానీ. మంచి మాసం. అప్పుడు కొబ్బరికాయ కొట్టి తెరుద్దాం. నిన్నే మేస్త్రీని చేస్తా. ఈలోపు ఈ డబ్బాల గోల ఎందుకు మనకి?"

సరేనన్నా. మేస్త్రీ అన్న మాట చెవిలో పడ్డాక ఇంకేమీ వినబళ్ళా. ఇక్కడ రాసుకుంటున్నా కాబట్టి నిజమే రాయాలి: సంతోషంగా వచ్చా బస్సులో, డబ్బా వెంటేసుకుని.

డిసెంబరు 20

చర్చికి పోయా. మేస్త్రీ.

డిసెంబరు 21

అమ్మకి చెప్పా, మాఘమాసంలో మేస్త్రీని అవుతానని. నాలుగు రోజుల తర్వాత మాట్లాడిన మొదటి మాట అది.

అమ్మ మూకుట్లో నూనె గరిటెతో పొడుస్తోంది. పొద్దున్న చలికి గట్టిగా ఉంది.

"మాఘమాసంలో ఈ నూనె ఇట్లా ఉంటుందా?" అంది.

అర్థం కాలా. కాసేపటికి అయింది.

మాఘానికి చలి పోతుంది. ఎండ ముదిరితే పామాయిల్ కూడా నీళ్ళలా కారుతుంది. అప్పుడు ఏ డబ్బా ఏదో గరిటె చెప్పదు, నెత్తి చెప్పదు. నా సాక్ష్యం ఈ మంచు ఒక్కటే. ఆయనకది తెలుసు, నూనెలో పుట్టిన మనిషి. అందుకే మాఘం అన్నాడు. మంచి మాసం!

సిగ్గేసింది. కోపం రాలా, చిత్రం. కోపం వచ్చినప్పుడల్లా మధ్యాహ్నం పోతున్నా. ఈసారి తెల్లారి పోవాలి.

డిసెంబరు 22

వీరరాఘవయ్య గారి దగ్గరికి పోయా. నడిచే పోయా చందర్లపాడు. కాయ ఇంకా ఉంది. వచ్చే శనివారం లారీ వస్తుందంట.

"ఆ శనివారం దాకా ఆగుతారా?"

"ఆగేదేముంది, లారీ వచ్చేదే శనివారం. మీ మిల్లు తిరుగుతుంటే బళ్ళు ఇటు తిప్పుతా. లేదంటే ఎక్కిస్తా. విత్తనం కాయతో సహా."

"విత్తనం ఉంచండి."

"మిల్లు తిరగనీ, ఉంచుతా" అన్నాడు. మజ్జిగ ఇచ్చాడు.

ఇంటికొచ్చి అమ్మకి చెప్పా, గురువారం పొద్దున పోతున్నానని. నీ నూనె ఆగిపోతుందేమో అన్నా.

అమ్మ తన దగ్గరున్న మడ్డి డబ్బాకి మూత బిగించి గుడ్డ కట్టింది. గుడికి పోయొచ్చిన డబ్బా ఎందుకు, నాది తీసుకుపో అంది. తీసుకుపో అని తనే చీర మార్చుకుంది.

డిసెంబరు 24, గురువారం

మొదటి బస్సుకే పోయాం. డబ్బా లోపలే పెట్టుకున్నాం, అమ్మ కాళ్ళ దగ్గర.

కండక్టరు ఒప్పుకోలా. "నూనె ఒలికిద్దమ్మా, టాపు మీద పెట్టు."

"ఒలకదు బాబూ" అంది అమ్మ. "అదే మా బాధ."

షాపు తలుపులు అప్పుడే తీస్తున్నారు. షావుకారు అగరొత్తి వెలిగిస్తున్నాడు. సుబ్బరాయుడు తామరపువ్వు డబ్బాలు బయట వరసగా పేరుస్తున్నాడు. బడ్డీ హోటలువాళ్ళు, పెళ్ళివారి వంటమనిషి ఒకడు, అప్పటికే నూనెకి వచ్చి నిలబడ్డారు. నోట్లోంచి పొగలొచ్చే చలి.

ఈసారి అరవలా. అమ్మ డబ్బా మూత తీసి, కౌంటరు మీద, ఆయన చేతికింద, బోర్లించా.

చుక్క రాలా.

తర్వాత ఆయన వరసలోంచి ఒక కొత్త డబ్బా తీశా. సుబ్బరాయుడు చెయ్యి పట్టుకున్నాడు. అమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "వదులు సుబ్బరాయుడూ, నేనేగా, నీ పాత ఖాతాదారుని" అంది. సీలు కోశా. అదీ బోర్లించా. అంచు చుట్టూ కాస్త పల్చగా జారింది. మిగతాది అలాగే ఉండిపోయింది, డబ్బా ఆకారంలో.

ఎవరూ నవ్వలా. పెళ్ళివారి వంటమనిషి వంగి వేలు పెట్టి చూశాడు, వేలు పంచెకి తుడుచుకున్నాడు. "వేరుశెనగ అని ఇచ్చారు కదండీ పోయినసారి?" అన్నాడు.

షావుకారు అగరొత్తి చేతిలోనే ఉంది. "లోపలికి రా, కూర్చుని మాట్లాడుకుందాం" అన్నాడు.

"ఇక్కడే బాగుందండీ. లోపల వెచ్చగా ఉంటుంది."

"మాఘమాసం అన్నాను కదరా నీకు."

"అన్నారు. పామాయిల్ కరిగే మాసం."

నా ముఖం చూశాడు. అమ్మ ముఖం చూశాడు. పామాయిల్ చవగ్గా కొని బతికే మనిషి, నీకేం పోయిందమ్మా అన్నట్టు.

"నాకు ఈ నూనె కావాలండీ, దాచను" అంది అమ్మ. "పామాయిల్ అని చెప్పి ఇవ్వండి, పామాయిల్ అనే కొంటా. నా బజ్జీలు తినేవాళ్ళకీ అదే చెప్తా. దొంగ పేరు పెట్టి నా కొడుకు నోటి దగ్గర కూడు ఎందుకు తీశారు?"

నేను నాలుగు రోజులుగా కట్టుకున్న మాటలు ఉన్నాయి. ఓడలు, ఇరాను, గుజరాతు, అన్నీ. అవేమీ చెప్పలా. అన్నది ఇంతే, మర్చిపోకుండా ఉన్నదున్నట్టు రాస్తున్నా:

"షావుకారు గారూ, ఓడ నూనె ఓడ పేరుతో అమ్మండి, కాయ నూనె కాయ పేరుతో అమ్మండి. కొనేవాడు తెలిసి కొనుక్కుంటాడు. వీరరాఘవయ్య గారి కాయ కల్లంలో ఉంది. అది లారీ ఎక్కిందంటే వచ్చే ఏడు మన మెట్టలో వేరుశెనగ ఉండదు. ఆ పైన ఓడ ఎప్పుడు ఆగితే అప్పుడు మీ డబ్బాలో కలపడానికి కూడా ఏమీ దొరకదు. మర బాగానే ఉంది, తుప్పు లేదు, నేను చూసుకున్నా. రేపు శుక్రవారం మాకు పండగ, ఆ రోజు మీకు వదిలేస్తున్నా, ఆలోచించుకోండి. శనివారం పొద్దున ఏడింటికి పేటలో గేటు తాళం తీసి, మోటారు తిప్పి, బళ్ళు తోలమని చందర్లపాడుకి మనిషిని పంపాలి. పంపకపోతే ఎండెక్కేలోగా ఈ రెండు డబ్బాలూ తీసుకుని మీకు డబ్బా అమ్మిన ప్రతి ఇంటికీ పోతా. వాళ్ళ డబ్బా వాళ్ళచేతే బోర్లించమంటా. జవాబు గేటు దగ్గర ఇవ్వండి. ఏడింటికి. చలిగా ఉన్నప్పుడే."